ముందు నడిచేవాళ్ళు వెనక్కి తిరగరు

1వ రోజు. 14 కిలోమీటర్లు. కంకణం: అన్నీ పచ్చ.

నిన్న బావిలోంచి నీళ్ళకు బదులు బురద వచ్చింది కాబట్టి ఈ ఏడు నడక పదకొండు రోజులు ముందే మొదలైంది. చిన్నగుండాలలో ఇక వానలదాకా ఎవరూ ఉండరు. ఇరవై ఒక్క రోజులు నడిస్తే కృష్ణ ఒడ్డు శిబిరం. బస్సులు ఆగి ముప్పై ఏళ్ళు దాటింది. తారురోడ్డు మీద పగలు నడిచినవాళ్ళు మధ్యాహ్నానికి పడిపోతారు. అందుకని అడవి దారి. నీడ కోసం అడవిలోకి పోవడం, అడవిలో మంట ఉందేమోనని భయపడడం, రెండూ ఒకే పనిగా బతుకుతున్నాం.

ముందు నడిచే మనిషి రోజూ పుస్తకం రాయాలని నడక సంఘం నియమం. ఏం రాయాలో చెప్పలేదు కనుక నాకు తోచింది రాస్తాను.

నేను రెండు రోజులు ముందు నడుస్తాను. మా తిమ్మక్క పద్నాలుగు మందిని తీసుకుని వెనక వస్తుంది. గుంపుకి ఒకటే కంకణం ఇస్తారు, అది నా చేతికి ఉంది. పొద్దున ఆరింటికి ఒక్కసారి వెలిగి చుట్టుపక్కల కొండల్లో మంట భయం ఎంతో రంగుల్లో చూపిస్తుంది. పచ్చ అయితే పోవచ్చు. పసుపు అయితే చూసుకుని పో. ఎరుపు అయితే పోవద్దు. కంకణం చెప్తుంది గానీ వినదు. వెనకవాళ్ళకి ఒక్క మాట చేరవెయ్యమంటే దాని వల్ల కాదు.

ఆ పని గుడ్డది. దారి చీలిన ప్రతిచోటా నేను ఏ వైపు పోయానో ఆ వైపు గుంజకో రాతికో గుడ్డపేలిక కడతాను. గుంపులో చివరి మనిషి దాన్ని విప్పి వెంట తెస్తుంది. ఆ చివరి మనిషి ఎప్పుడూ అక్కే. ఏటి ఒడ్డున పేలికలన్నీ మూటగట్టి నా ముందు పడేసి, "ఇంద, నీ మాటలన్నీ ఏరుకొచ్చినా" అంటుంది. ఈసారి అక్క పాత ఆవపూవు రంగు చీర చించి నలభై పేలికలు చేశాం.

బయలుదేరేటప్పుడు అక్క దీవెన ఇది: "సుంకీ, ముడి అంత బిర్రుగా ఏసినావంటే నేను పండ్లతో ఇప్పాల్సొస్తాంది మే. ఉండేవే ఏడు."

3వ రోజు. 19 కి.మీ. చింతలపల్లం ఎరుపు.

మూడింటికి లేచి, కొర్రగంజి తాగి, నాలుగింటికి నడక, పదకొండుకి నీడ. రోజూ ఇదే. ఆరింటికి కంకణం వెలిగే సరికి ఆరు కిలోమీటర్లు అయిపోయి ఉంటాయి. తెల్లవారేదాకా ఆగితే ఎండ మింగేస్తుంది.

చింతలపల్లం ఎరుపు అంది. పోయినేడు వేసుకున్న దారి అదే. ఊళ్ళో పదిమంది నెలరోజులు కూర్చుని గీసిన పటం మూడో రోజుకే చిరిగింది. చుట్టు తిరిగి తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ నడిచాను. గుడ్డ కట్టాను. అక్క నన్ను తిట్టుకుంటూ నడుస్తుంది, తెలుసు. ఆమె మోకాళ్ళు దేవుడికెరుక.

5వ రోజు. 16 కి.మీ. పసుపు, పచ్చ.

ఊటచెలమ దగ్గర ఓబన్న మామ చావిడి మూసేస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా నడకవాళ్ళకి నీళ్ళు పోసిన మనిషి. చెలమలో ఊట ఉంది, చుట్టూ చెట్లే లేవు. మొన్న మంట ఆయన పొయ్యిదాకా వచ్చి, ఏమనుకుందో వెనక్కి పోయిందట.

"నీ గుంపు వచ్చేదాకా ఉంటాలే. అదైనాక నేనూ ఏటికే" అన్నాడు. నా కంకణం వైపు ఎగాదిగా చూశాడు. "అది ఏం చెప్పినా ముందు ముక్కునడుగు. దేవుడు ముక్కు పెట్టింది యానికి?"

"మామా, ముక్కు రెండు కోసులే చూస్తాది. కంకణం ఇరవై కోసులు చూస్తాది."

"ఇరవై కోసులు చూస్తాది, నిన్నటిది చూస్తాది" అన్నాడు.

ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఆరు లీటర్ల నీళ్ళు పోయించుకుని వచ్చేశాను. కనీసం దండం కూడా పెట్టలేదు, ఇప్పుడు గుర్తొచ్చింది.

6వ రోజు. 15 కి.మీ.

పచ్చ. చెప్పు తెగింది. కుట్టుకున్నాను.

7వ రోజు. 17 కి.మీ. దూరంగా ఎద్దుమూపు గట్టు పసుపు.

ఒంటరిగా నడుస్తుంటే పాత సంగతులు నోరు తెరుస్తాయి. ముందు నడిచేవాళ్ళు వెనక్కి తిరగరు అన్న నియమం పెట్టింది మా అక్కే. అప్పుడు ముందు నడిచేది అక్క, నాకు ఇరవై రెండేళ్ళు, గుంపులో ఉన్నాను. పక్క ఊరి గుంపుకి ముందు నడిచే మనిషి ఒకడు మనసు మార్చుకుని వెనక్కొచ్చి గుడ్డ మార్చాడు. అప్పటికే సగం మంది మొదటి దారిన పోయారు, మిగతా సగం రెండో దారిన. ముగ్గురు దొరకలేదు. ఆ ఏడు ఏటి ఒడ్డున సంఘం కూర్చుంటే అక్క లేచి అంది: "గుడ్డ కడితే కట్టినట్టే. తప్పో ఒప్పో అందరూ ఒక దారిన పోతారు. కట్టినోళ్ళు ఎనక్కి రాగూడదు, ఎనకోళ్ళు అనుమానపడగూడదు." అందరూ ఒప్పుకున్నారు. ఇరవై అయిదేళ్ళలో ఎవరూ దాటలేదు. ఈ నియమం వల్ల ఎంతమంది బతికారో లెక్క లేదు గానీ చాలామందే బతికారు. అది కూడా రాసుకోవాలి.

8వ రోజు. 15 కి.మీ. ఎద్దుమూపు గట్టు పసుపు.

ఏం లేదు. నడిచాను.

9వ రోజు. 18 కి.మీ. గట్టు ఎరుపు. నెమలికోన పచ్చ.

సాయంత్రానికి రెండుబాటల గుండు చేరాను. ఇల్లంత బండ. చుట్టూ గడ్డి కూడా మొలవని రాతిబయలు. ఇక్కడి నుంచి ఎడమకి ఎద్దుమూపు గట్టు, కుడికి నెమలికోన. రెండూ అవతల జమాలవ్వ చావిడి దగ్గర కలుస్తాయి. మా పటంలో ఉన్నది గట్టు దారి. ఎత్తు మీద గాలి ఉంటుంది, పిల్లలకి మంచిదని. పొద్దున కంకణం గట్టు ఎరుపు అంది. కళ్ళకే కనిపిస్తోంది, గట్టు మీద పొగ తలగుడ్డ చుట్టుకున్నట్టు ఉంది.

కోన పచ్చ. దారి మార్చాను. కోన ఇరుకు, మూడు రోజుల దారి, రెండు పక్కలా వెదురు. నీళ్ళు మాత్రం ఉంటాయి.

గుండు కింద ఇనుపపెట్టెలో పుస్తకం ఉంది. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ అందులో ఒక మాట రాసిపోవాలి. "కోన పచ్చ, కోన దారిన పోండి, సుంకమ్మ" అని రాశాను. పెట్టె పక్కన రాతికొక్కేనికి కోన వైపు గుడ్డ కట్టాను. బిర్రుగా లాగబోతే అక్క ఏడు పళ్ళు గుర్తొచ్చాయి. ముడి వదులుగా వేశాను. ఒక్క లాగుకి వచ్చేస్తుంది. అక్క గుర్తిస్తుందో లేదో.

10వ రోజు. 13 కి.మీ. కోన పసుపు.

నాలుగింటికి కోనలో దిగాను. ఆరింటికి కంకణం వెలిగింది. కోన పైభాగం పసుపు.

నిన్నటి పచ్చ ఈ రోజు పసుపు. గుండు నాకు ఆరు కిలోమీటర్ల వెనక ఉంది. గుంపు రేపు సాయంత్రానికి గాని అక్కడికి రాదు. వెనక్కి పోయి గుడ్డ విప్పడానికి కావలసినంత సమయం ఉంది.

బండ మీద కూర్చుని ఆలోచించాను. అబద్ధం రాయను, గంటసేపు కూర్చున్నాను. గుడ్డ విప్పితే గట్టు వైపు కట్టలేను, అది ఎరుపు. గుడ్డ లేని గుండు అంటే ఆగమని అర్థం. ఆగితే అక్కడ చుక్క నీళ్ళు లేవు, ఓబన్న మామ చెలమ నాలుగు రోజులు వెనక్కి, ఊళ్ళో బురద. పసుపు అంటే పోవద్దని కాదు, చూసుకుని పొమ్మని. మూడేళ్ళ క్రితం ఇదే కోనలో పసుపులో పోయాం, ఏమీ కాలేదు. ఇవన్నీ నిజమే.

ఇంకొకటి కూడా నిజం. నియమం పెట్టాక వెనక్కి పోయి గుడ్డ విప్పిన మొదటి మనిషిని నేనే అవుతాను. ఏటి ఒడ్డున సంఘం ముందు అక్క ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. సిగ్గేసింది.

లేచి ముందుకే నడిచాను.

11వ రోజు. 14 కి.మీ. కోన పసుపు.

పసుపే. చూశావా అని నాకు నేనే చెప్పుకున్నాను. వాగులో ముఖం కడుక్కున్నాను. నీళ్ళ మీద నల్లటి పొడి తేలుతోంది. కాలిన వెదురాకు ముట్టుకుంటే పొడైంది.

సాయంత్రం. ఇప్పుడు అక్క గుండు దగ్గర మూటలు దించుతూ ఉంటుంది. పిల్లలకి గంజి పోస్తూ ఉంటుంది. నా గుడ్డ చూసి ఉంటుంది.

12వ రోజు. 11 కి.మీ. కోన ఎరుపు.

ఆరింటికి ఎరుపు. పైభాగమంతా, గుండు వైపు నోరు నుంచి నడిమి వాగుదాకా. నేను కింది భాగంలో ఉన్నాను. వెనక్కి చూస్తే రెండు కొండల మధ్య ఆకాశం లేదు, పొగ ఉంది. గట్టు మీది మంట రాత్రి గాలి మారి కోనలోకి దిగింది.

వాళ్ళు నాలుగింటికి దిగి ఉంటారు. మేం ఎప్పుడూ నాలుగింటికే దిగుతాం.

పరిగెత్తాను. ఎటు పరిగెత్తానో రాయాలి కదా. ముందుకే పరిగెత్తాను, చావిడి వైపు. అక్కడ ఎవరైనా ఉంటారని, ఏదైనా చేస్తారని.

కోనబయలు చావిడిలో జమాలవ్వ ఒక్కతే ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి. నేను చెప్పిందంతా విని, "ఎంతమంది?" అంది.

"అక్కతో పదహైదు."

"పిల్లోళ్ళు?"

"నలుగురు."

లేచి నాకు నీళ్ళిచ్చింది.

13వ రోజు.

కోనలోకి తిరిగి పోయాను. రెండు కిలోమీటర్లు. ఆపైన వెదురు పేలుతోంది, టపాకాయల్లా. గాలి పీలిస్తే గొంతులో గరిటె పెట్టి తిప్పినట్టుంది. ఎడం చెయ్యి కాలింది. పేరు పెట్టి పిలిచాను, అక్కని, మిగతా అందరినీ, ఒక్కొక్కరినీ. వెదురు చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. జమాలవ్వ వచ్చి కొంగు పట్టుకుని లాక్కొచ్చింది.

కలబంద రాసి కట్టు కట్టింది. "ముక్కు లేదా నీకు?" అని ఆమె అనలేదు. అంటే బాగుండేది.

14వ రోజు.

గుంపు ఇక్కడికి చేరవలసిన రోజు ఇది. చావిడి ఆనవాయితీ ఏమిటంటే, ముందు నడిచే మనిషి ఎంతమంది అని చెప్తే అవ్వ అంతమందికీ వండిపెడుతుంది. పొద్దున నుంచి రాగిసంగటి కెలికింది. పదిహేను ముద్దలు చేసి తడిగుడ్డ మీద వరసగా పెట్టింది. నాకూ తనకూ వేరే పెట్టింది.

ఎండ వాలింది. కోన నోట్లోంచి ఒక అడవిపంది వచ్చింది, వీపు కాలి. ఆ తర్వాత ఏమీ రాలేదు. బూడిద రాలుతూ ఉంటే అవ్వ సంగటి ముద్దల మీద ఇంకో గుడ్డ కప్పింది.

15వ రోజు. కోన ఎరుపు. గట్టు పచ్చ.

రాత్రికి అవ్వ ఇద్దరికే వండింది. పగలంతా నిన్నటి ముద్దలు మజ్జిగలో పిసుక్కుని మేమే తిన్నాం, పారేయడం పాపమని. తిన్నాను. ఆకలేసింది. అదీ రాసుకోవాలి.

గట్టు పచ్చ అయిందని సంబరంగా చెప్పాను. "గట్టున పచ్చ అంటే చల్లగుందని గాదు బిడ్డా, కాలేదానికి ఏం మిగల్లేదని" అంది.

16వ రోజు. కోన ఎరుపు.

ఈ రోజంతా ఒకటే లెక్క వేశాను. వాళ్ళు కోనలో దిగకుండా ఉండటానికి దారి ఉంది. గుండు దగ్గర పొగ వాసన వచ్చి ఉంటుంది. రాకుండా ఎలా ఉంటుంది? అక్క ముక్కు కుక్క ముక్కు. చిన్నప్పుడు నేను దొంగతనంగా తిన్న బెల్లం వాసన గుమ్మంలోంచే పట్టేది. పొగ వాసన పట్టి, గుడ్డని చూసి, "మా సుంకికి మతి పోయింది" అనుకుని, అందరినీ వెనక్కి మళ్ళించి ఉండొచ్చు. చెలమ దగ్గర ఓబన్న మామ ఇంకా ఉండి ఉండొచ్చు.

అట్లా అయితే నా గుడ్డ ఇంకా గుండుకే ఉంటుంది. కోనలోకి పోతే అక్క విప్పుకుని పోతుంది, పోకపోతే విప్పదు. గుండు చుట్టూ రాయే, అక్కడికి మంట రాదు. గుడ్డ ఉందా లేదా చూస్తే చాలు, తెలిసిపోతుంది.

నా బతుకులో మొదటిసారి, అక్క నా మాట వినకూడదని మొక్కుకున్నాను.

17వ రోజు. గట్టు దారిన వెనక్కి. 12 కి.మీ.

కోన ఇంకా కాలుతోంది కాబట్టి గట్టు మీదుగా బయలుదేరాను. అవ్వ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ముందు నడిచేటోళ్ళు ఎనక్కి తిరగరాదు. ఎరిగిందానివేగా."

"ఆ నియమం పెట్టినామె కోన లోపల ఉండాది అవ్వా."

పక్కకి జరిగింది. నీళ్ళ తిత్తి నింపి ఇచ్చింది. పదిహేను మందికి మించి సంగటిపిండి తన దగ్గర ఉందని, ఎంతమంది వచ్చినా పరవాలేదని చెప్పింది.

18వ రోజు. 14 కి.మీ.

గట్టంతా నలుపు. చెట్లు నిలబడే ఉన్నాయి, కొమ్మల్లేకుండా. నీడ లేదు. పాదాల కింద నేల ఇంకా వెచ్చగా ఉంది. బూడిదలో నా అడుగులు తప్ప మనిషి అడుగు లేదు. వాళ్ళు ఈ దారిన రాలేదు. రారని తెలుసు, ఇది ఎరుపు కదా. అయినా వెతికాను.

19వ రోజు. 13 కి.మీ. కోన పచ్చ.

పొద్దున ఆరింటికి కోన పచ్చ అయింది. కంకణం చేతి నుంచి తీసి సంచిలో వేశాను.

గట్టు అంచు నుంచి కిందికి చూస్తే కోన కనిపిస్తుంది. చూడలేదు. గుండు చూశాకే చూస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

20వ రోజు. రెండుబాటల గుండు.

మధ్యాహ్నం ఎండలో చేరాను. నీడకి ఆగలేదు.

దూరం నుంచే చూశాను. కొక్కెం కనిపించింది. ఆవపూవు రంగు కనిపించలేదు. దగ్గరికి పోతే కనిపిస్తుందేమో, గాలికి అవతలి పక్కకి తిరిగిందేమో అనుకుంటూ పోయాను. గుండు చుట్టూ మూడుసార్లు తిరిగాను. కింద రాళ్ళ సందుల్లో చేతులు పెట్టి వెతికాను, గాలికి ఊడిపోయి ఉండొచ్చు కదా, వదులు ముడి కదా. పొయ్యిరాళ్ళు మూడు ఉన్నాయి. బూడిద. గంజి గిన్నె బోర్లించిన గుండ్రటి మచ్చ. ఒక పిల్లోడెవరో బొగ్గుతో రాతి మీద ఏనుగు బొమ్మ గీశాడు.

పెట్టె తెరిచి పుస్తకం తీశాను. నా వాక్యం కింద అక్క రాత ఉంది. అక్షరాలు పెద్దవి, వరస వంకర. అలాగే ఎత్తి రాస్తున్నాను.

"తెల్లారుజాము నాలుగు. పదహైదు మందిమి. పొగ వాసన బాగా కొడతాంది. ఇద్దరు ముగ్గురు వద్దంటాండారు. మా సుంకి చూసి కట్టింటాది అని చెప్పినా. పోతాండాం. ముడి ఈతూరి వదులుగా ఏసింది నా తల్లి. తిమ్మక్క."

ఏడిచాను. తర్వాత గుండు ఎక్కి కోనలోకి చూశాను. అంతా ఒకటే నలుపు.

నా మూటలో ఇంకా పదకొండు పేలికలు మిగిలి ఉన్నాయి. ఏ కొక్కేనికీ కట్టలేదు. రేపు కోనలోకి దిగుతాను. వాళ్ళని వెతకాలి, పదిహేను మందిని. ఆ తర్వాత సంఘం ఏం చేసినా సరే. నా ఈ నడక పుస్తకం సంఘానికే అందాలని పెట్టెలో పెట్టిపోతున్నాను.

గుండు దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళూ పెట్టెలోని పుస్తకంలో ఒక మాట రాసిపోవాలి. అక్క రాత కింద నా వంతు రాశాను:

"గుడ్డ కట్టింది నేను. మర్నాడు ఆరింటికే పసుపు అని తెలిసింది. ఇక్కడికి ఆరు కిలోమీటర్లు. రాలేదు. సుంకమ్మ."